అటక మీద దొరికిన మన బడి చరిత్ర

సావనీరు కమిటీ మిత్రులు నన్ను అడిగింది "ఇంజనీరువి కదా, బడి కంప్యూటర్ గదికి ఏమేం కావాలో రెండు పేజీలు రాయి" అని. అది రాయడానికే కూర్చున్నాను. కానీ పోయిన ఏడాది జరిగిన సంగతి ఒకటి మన సంఘం వాళ్ళందరికీ తెలియాల్సింది ఉంది. రెండు పేజీల్లో అది ఇమడలేదు. పైగా అందులో నా తప్పు కూడా ఒకటుంది. నేను చెప్పకపోతే ఇంకొకరు చెప్తారు, అదేదో నేనే చెప్పడం మేలు.

మన తెలుగు సారు బడి చరిత్ర రాస్తున్నారని 1990ల్లో బడికి వచ్చిపోయిన వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మన పూర్వ విద్యార్థుల సంఘం 1975లో మొదలైంది కాబట్టి 2000లో రజతోత్సవానికి పుస్తకం తేవాలని ఆయన పట్టుదల. సాయంత్రం బడి వదిలాక సైకిలెక్కి కర్నూలు పాతబస్తీ అంతా తిరిగేవారు. బడిలో చదివిన పెద్దవాళ్ళను, పనిచేసి రిటైరైన వాళ్ళను, బడి పక్కనే దుకాణాలు పెట్టుకున్న వాళ్ళను అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు పొడుగు నోటుబుక్కుల్లో రాసుకున్నారు. అట్లా నాలుగు పుస్తకాలయ్యాయి. సారు చేతిరాత మీకు తెలుసు, ముత్యాలే, కానీ కలిపేసిన ముత్యాలు. ప్రెస్సు వాడు చూసి "ఇది కంపోజ్ చెయ్యాలంటే రెట్టింపు తీసుకుంటా" అన్నాడు.

అప్పుడు నేను ముద్దనూరు దగ్గర థర్మల్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేస్తున్నాను. 1996లో హైదరాబాదులో ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను. 486 ప్రాసెసరు, 8 ఎంబీ మెమరీ, 340 ఎంబీ హార్డ్ డిస్కు, నలుపు తెలుపు తెర. బరువు చూస్తే చంకలో పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టే. ఈనాటి ఫోనులో ఒక్క వీడియో కూడా ఆ డిస్కులో పట్టదు. కానీ ఆ రోజుల్లో దాన్ని చూడ్డానికి మా క్వార్టర్స్‌లో జనం వచ్చేవాళ్ళు. సారు దగ్గరికి పోయి "నేను టైపు చేస్తాను సార్" అన్నాను. ఆయన ఒక్కో పుస్తకమే ఇచ్చేవారు. మొదటిది తిరిగి ఇస్తేనే రెండోది. 1997 నుంచి మూడేళ్ళు, షిఫ్టు లేని రాత్రుళ్ళు టైపు చేశాను. విండోస్ 3.1లో రైట్ అని చిన్న ప్రోగ్రాం ఉండేది, అందులో.

2000లో పుస్తకం రాలేదు. డబ్బులు కుదరలేదు. ఆ లెక్కలు ఇప్పుడు వద్దు. నోటుబుక్కులు బడి ఆఫీసు గదిలో బీరువాలో ఉండిపోయాయి. 2002లో నేను కొత్త కంప్యూటర్ కొన్నాక ఈ పాతదాన్ని బడికి ఇచ్చేశాను, పిల్లలు వేళ్ళు తిప్పడం నేర్చుకుంటారని. ఇచ్చేముందు ఒక పెద్దమనిషి పని చేశాను: నావన్నీ తుడిచేశాను. డాస్‌లోకి పోయి డెలీట్ కొట్టాను. ఉత్తరాలు, జీతం లెక్కలు, ఇంటి లోను కాగితాలు, వాటితోపాటు బడి చరిత్ర కూడా. నోటుబుక్కులు ఉన్నాయి కదా, ఫ్లాపీల్లో కాపీ ఉంది కదా అని ధీమా. నాకు శాలువా కప్పారు. ఆ ఫొటో కూడా ఉంది, దయచేసి ఈ సంచికలో వెయ్యొద్దు.

2009 అక్టోబర్ 2. కర్నూలు వాళ్ళకు ఆ తేదీ చెప్పాల్సిన పని లేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీదికి వచ్చాయి. నీళ్ళు తీసిపోయాక బడి ఆఫీసు గదిలో బీరువా తెరిస్తే లోపల కాగితం, బురద వేరుచెయ్యడానికి లేదు. అడ్మిషన్ రిజిస్టర్లతోపాటు సారు నాలుగు నోటుబుక్కులు పోయాయి. నేను ఇంటికి పోయి ఫ్లాపీలు తీశాను. పదకొండు ఫ్లాపీలు. ముద్దనూరు ఎండలు మీకు తెలియనివి కావు. పన్నెండేళ్ళు అల్మారాలో ఉడికి, వానాకాలం బూజు పట్టి, పదకొండిట్లో ఒక్కటీ చదవలేదు. సారుకు ఫోను చేసి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత "నీ ఆరోగ్యం ఎట్లుంది నాయనా?" అన్నారు. 2012లో ఆయన పోయారు. ఆ మూడేళ్ళలో ఎన్నిసార్లు కలిసినా ఆ పుస్తకం మాట మళ్ళీ ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇక్కడ కొంచెం పక్కకు పోతాను. ఇంజనీరు చరిత్ర చెప్తున్నాడని నవ్వుకోకండి. ఉద్యోగం కడప జిల్లాలో కాబట్టి ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయానికి పోవడం నాకు ఎప్పటినుంచో అలవాటు.

మనకున్న ఊళ్ళ చరిత్రలో చాలాభాగం ఒకసారి చేజారి, మళ్ళీ దొరికినదే. అసలు మన ప్రాంతమే ఇచ్చేసింది. 1800లో నిజాం తన దగ్గరుంచుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద కడప, బళ్ళారి ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. అందుకే దత్తమండలాలు అన్నారు. కర్నూలు నవాబు కింద ఇంకొన్నాళ్ళు ఉండి 1839లో కంపెనీ చేతికి పోయింది. ఆ 'దత్త' అన్న మాట మనవాళ్ళకు గుచ్చుకుంటూనే ఉండింది. 1928లో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనే పేరు సూచించాకగానీ అది వదల్లేదు.

ఆ దత్తమండలాలను కొలవడానికి వచ్చిన సర్వే అధికారి కాలిన్ మెకంజీ. ఆయన భూమి కొలిచి ఊరుకోలేదు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య అనే ఏలూరు సోదరులను, ఇంకా కొందరిని వెంటబెట్టుకుని ఊరూరా కరణాల దగ్గర, గుళ్ళ దగ్గర, పెద్దల దగ్గర ఆ ఊరి కథ రాయించుకున్నాడు. ఊరికి ఆ పేరెట్లా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ పాళెగాడు ఏం చేశాడు, ఏ మాన్యం ఎవరిది. వాటినే కైఫీయత్తులంటారు. మన సారు సైకిలు మీద చేసిన పనికి ఆయన డేరాలు, గుర్రాలు వాడాడు, అంతే తేడా. మెకంజీ 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో కలకత్తా దగ్గర చనిపోయాడు. ఆయన భార్య దగ్గర కంపెనీ ఆ సేకరణనంతా లక్ష రూపాయలకు కొన్నది. 1828లో విల్సన్ అచ్చువేసిన పట్టికలో 1,568 గ్రంథాలు, 8,076 శాసనాల నకళ్ళు లెక్కకు వచ్చాయి. తరువాత అది చీలిపోయింది. కొంత లండనుకు, కొంత మద్రాసుకు, కొంత కలకత్తాలోనే. సిద్ధవటం కరణం చెప్పిన మాట ఎక్కడ పడుందో సిద్ధవటంలో ఎవరికీ తెలియదు. లక్ష్మయ్య ఆ పని నేను కొనసాగిస్తానని అడిగితే ఒప్పుకోలేదు. ఈ ఒక్క సంగతి చదివినప్పుడల్లా నాకు సారు గుర్తొస్తారు.

సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు, ఇరవై ఒక్కేళ్ళ కుర్రవాడు. తరువాత కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను, రాయసగాళ్ళను పెట్టి తాళపత్రాలు వెతికించి రాయించాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి వాళ్ళ పని చూసుకునేవాడు. బ్రౌన్ పద్ధతి ఒక ఇంజనీరుకు భలే నచ్చుతుంది. ఒక కావ్యానికి ఒక్క ప్రతి దొరికితే నమ్మడు. దొరికినన్ని ప్రతులు తెప్పించి పక్కపక్కన పెట్టించి, ఒకదాంట్లో పోయింది ఇంకొకదాంట్లో వెతికిస్తాడు, పాఠం ఎక్కడ తేడా ఉందో గుర్తు పెట్టిస్తాడు. 1829లో వేమన పద్యాలు అట్లాగే అచ్చయ్యాయి. 1830ల్లో సెలవు మీద లండనులో ఉన్నప్పుడు, ఈస్టిండియా హౌసులో ఎవరూ తెరవకుండా పడున్న దక్షిణాది రాతప్రతులు చూసి వాటిని మద్రాసుకు తిరిగి పంపించే ఏర్పాటు చేశాడు. మెకంజీ సేకరణలో శిథిలమవుతున్న ఊళ్ళ కథలను కొత్త కాగితం మీదికి ఎక్కించాడు. చివరికి తన పుస్తకాలన్నీ మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు. అవే తరువాత మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో చేరాయి. ఆయన కడప బంగళా శిథిలాల చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఊరూరా చందాలడిగి గ్రంథాలయం కట్టించారు. అక్కడి నుంచి కడప జిల్లా కైఫీయత్తులు సంపుటాలుగా అచ్చై మళ్ళీ మన చేతికి వచ్చాయి. కరణం నోటి నుంచి నా చేతిలోకి రావడానికి రెండు వందల ఏళ్ళు పట్టింది.

మన ల్యాప్‌టాప్‌కు ఇరవై రెండేళ్ళే పట్టింది కాబట్టి మనం అదృష్టవంతులం.

పోయిన ఏడాది ఈ స్వర్ణోత్సవానికి బడి చరిత్ర కావాలని కమిటీ వాళ్ళు పాతవాళ్ళందరినీ కలిశారు. మన అటెండరన్న, అదే రిటైరైపోయినాయన, "చరిత్ర సంగతి నాకు తెల్దుగానీ, ఆ నల్లపెట్టె మా అటక మీద ఉంది" అన్నాడంట. వెంటనే నాకు ఫోను. బస్సెక్కి పోయాను. ఇంటావిడ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టింది. ఆయన నిచ్చెనేసి గోనెసంచి దించాడు. 2005లోనో ఎప్పుడో అది చెడిపోయిందంట, ఆఫీసు గది ఊడ్చేటప్పుడు పాత సామాన్ల వాడికి వెయ్యబోతుంటే సారు చూశారంట.

"మీ సారు అన్న్యాడు నాయనా, అది పారెయ్యొద్దురా, దాంట్లో మనోళ్ళ మాటలుండాయి అని. అందుకే ఇంటికి తెచ్చి పెట్టినా. ఎవురూ అడగల్య. నేనూ మర్సిపోయినా."

ఆయన ఇల్లు మిట్ట మీద. వరద అక్కడిదాకా రాలేదు. నేను ఫ్లాపీలు పోయాయని సారుకు ఫోను చేసిన రోజున కూడా ఆ పెట్టె అక్కడే ఉంది. సారు మర్చిపోయారో, తుడిచేశానని నేను చెప్పినందుకు ఆశ వదులుకున్నారో, ఇప్పుడు అడగడానికి లేదు.

తరువాతి సంగతి ఇంజనీరింగ్ చదివిన తమ్ముళ్ళ కోసం కొంచెం వివరంగా రాస్తాను, మిగతావాళ్ళు ఒక పేరా దాటేయొచ్చు. మొదట చెయ్యకూడని పని స్విచ్ వెయ్యడం. బ్యాటరీ పొంగి, దాని రసం బోర్డు మీద పచ్చగా పేరుకుపోయింది. కాబట్టి ల్యాప్‌టాప్‌ను వదిలేసి హార్డ్ డిస్కు ఒక్కటే విప్పి తీశాను. రెండున్నర అంగుళాల డిస్కు, 44 పిన్నుల కనెక్టరు. దాన్ని యూఎస్‌బీకి కలిపే అడాప్టరు ఇప్పటికీ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. అంత పాత డిస్కుల్లో చదివే తల పళ్ళేనికి అతుక్కుపోయి మోటారు తిరగకపోవచ్చు. మాది రెండుసార్లు మూలిగి మూడోసారి తిరిగింది. తిరిగిన డిస్కులో ఫైళ్ళు వెతకబోకండి. అది ఎంతసేపు బతుకుతుందో తెలియదు. ముందు మొత్తం డిస్కును మొదటి సెక్టారు నుంచి చివరిదాకా ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి నకలు తియ్యాలి. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఆ పని చేస్తుంది. బాగున్న చోట్లు ముందు చదివేసుకుని, చెడ్డచోట్లకు తరువాత మళ్ళీ మళ్ళీ వస్తుంది. పరీక్షలో తెలిసిన ప్రశ్నలు ముందు రాయమని మన లెక్కల సారు చెప్పినట్టే. ఒక రాత్రంతా పట్టింది. ఆ తరువాత పని అంతా నకలు మీదే. అసలు డిస్కును మళ్ళీ ముట్టుకోలేదు.

మరి 2002లో నేను తుడిచేసిన ఫైళ్ళు ఎట్లా వచ్చాయి? అదే చాలామందికి తెలియని విషయం. డాస్‌లో డెలీట్ కొడితే ఫైలు పోదు. డిస్కులో పేర్ల పట్టిక ఒకటుంటుంది. అందులో ఆ ఫైలు పేరు మొదటి అక్షరం చెరిపి అక్కడ ఒక గుర్తు పెడుతుంది. ఆ ఫైలు ఏయే గదుల్లో ఉందో రాసుకున్న లెక్క చెరిపి, ఆ గదులు ఖాళీ అని రాసుకుంటుంది. గదుల్లోని సామాను అట్లాగే ఉంటుంది, ఇంకొకరు వచ్చి దిగేదాకా. హాస్టల్ రిజిస్టర్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన మంచం కింద ట్రంకుపెట్టె మాయం కాదు కదా. మన పిల్లలు ఆ ల్యాప్‌టాప్‌లో బొమ్మలు గీసి, ఆటలాడి కొన్ని గదుల్లో దిగారు. చాలా గదుల్లోకి ఎవరూ రాలేదు.

దాని అర్థం ఏమిటో నాకు చెమట పట్టేటట్టు తెలిసింది. మొదట బయటపడింది బడి చరిత్ర కాదు, నా ఇంటి లోను దరఖాస్తు. తరువాత మా నాయనకు రాసి పోస్టు చెయ్యని ఉత్తరం ఒకటి. మూడేళ్ళు బడిలో, ఆ తరువాత ఇంకొకరి ఇంట్లో ఉన్న పెట్టెలో ఇవన్నీ ఉన్నాయి. చదవాలనుకున్నవాడు చదివి ఉండొచ్చు. నేనొక్కణ్ణే ఇట్లా చెయ్యలేదులెండి. 2003లో అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ ఒక అధ్యయనం అచ్చువేశారు. పాత సామాన్ల బజారులో, వేలంపాటల్లో 158 వాడేసిన హార్డ్ డిస్కులు కొన్నారు, 129 పనిచేశాయి. సరిగ్గా తుడిచినవి పన్నెండే. మిగతావాటిలో వేల క్రెడిట్ కార్డు నంబర్లు, వైద్యం కాగితాలు, ప్రేమలేఖలు. ఇంటిలో పాత ల్యాప్‌టాపు, ఫోను ఎవరికైనా ఇచ్చేవాళ్ళు ఒకసారి ఆలోచించండి. డిస్కు మొత్తం మీద సున్నాలు రాయించండి, లేదా డిస్కు తీసి మీ దగ్గరుంచుకుని మిగతాది ఇవ్వండి. నేను ఆ జాగ్రత్త తీసుకుని ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు, అది వేరే సంగతి.

డెలీట్ అయిన ఫైళ్ళ పట్టిక చూస్తే నవ్వొచ్చింది. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎనిమిదికి మించకుండా పెట్టాలి అప్పట్లో. మొదటి అక్షరం ఎగిరిపోయింది. కడప పోయి 'అడప' మిగిలింది. హంద్రీ 'అండ్రి' అయింది. బురుజు 'ఉరుజు'. రాజధాని 'అజధాని'. ఏ అక్షరం పోయిందో ఊహించుకుని పెట్టుకుంటూ రావాలి. మొత్తం అరవై మూడు ఫైళ్ళలో నలభై తొమ్మిది పూర్తిగా వచ్చాయి. పది సగం సగం. నాలుగు పోయాయి.

వచ్చినవి తెరిస్తే తెలుగు లేదు. డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అచ్చులు, ఫ్రెంచి వాళ్ళ కొమ్ములు, అదంతా ఒక రొద. కారణం మీలో డీటీపీ చేసినవాళ్ళకు తెలుసు. ఆ రోజుల్లో తెలుగు ఫాంటు అంటే ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టడం. తలకట్టు ఒక చోట, గుడి ఒక చోట, ఒత్తు ఒక చోట. ఏది ఎక్కడ అనేది ఒక్కో కంపెనీ ఇష్టం. ఒకరి ఫాంటులో రాసింది ఇంకొకరి దగ్గర చదవలేం. దానికి తోడు దొంగకాపీలు రాకుండా ప్రింటరు పోర్టుకు తగిలించే తాళం ఒకటి. అది లేకపోతే ప్రోగ్రాం తెరుచుకోదు. నా తాళం ఏనాడో పోయింది. ఐఐటీ కాన్పూరులో మొదలై పూణే సీడాక్‌లో పెరిగిన జిస్ట్ పద్ధతి, 1991లో వచ్చిన ఇస్కీ ప్రమాణం అన్ని భారతీయ లిపులకూ ఒకే లెక్క ఉండాలని చెప్పాయి. అదే 1991లో యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది, అందులో తెలుగుకు చోటు ఉంది. కానీ మామూలు మనిషి ఇంట్లో కంప్యూటర్‌కు యూనికోడ్ తెలుగు చేరింది 2001లో విండోస్ ఎక్స్‌పీ, దాంతోపాటు గౌతమి ఫాంటు వచ్చాకే. అంతకుముందు అమెరికాలో రైస్ యూనివర్సిటీ తెలుగు కుర్రాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసే పద్ధతి చేసుకున్నారు. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. వెన్న నాగార్జున పాత ఫాంట్ల తెలుగును యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే సాధనం చేశారు. జీతం లేకుండా, ఎవరూ అడగకుండా ఈ పనులు చేసినవాళ్ళను బ్రౌన్ కొలువులోని రాయసగాళ్ళ సరసన కూర్చోబెట్టాలని నాకనిపిస్తుంది.

నా ఫాంటు పద్మకు తెలిసిన వాటిలో లేదు. ఏ గుర్తు ఏ ముక్కో నేనే పట్టిక వేసుకోవాలి. దానికి ఆధారం ఏమిటంటే, 1999లో సారు రజతోత్సవానికి చందాలడుగుతూ పంచిన ఒక పేజీ కరపత్రం. నేనే అదే ఫాంటులో అచ్చు తీసిచ్చాను. దాని ఫైలు డిస్కులో దొరికింది. కాగితం మన బ్యాచ్ మిత్రుడొకడు పెళ్ళి ఆల్బంలో మడిచిపెట్టుకున్నాడు! కాగితం ఒక పక్క, ఫైలు ఒక పక్క పెట్టుకుని గుర్తు గుర్తుకూ అక్షరం రాసుకుంటూ పోయాను. పదిహేను రోజుల్లో పట్టిక దాదాపు పూర్తైంది. అయినా తిప్పలే. ఆ ఫాంట్లలో ముక్కలు కంటికి కనబడే వరుసలో ఉంటాయి, యూనికోడ్‌లో పలికే వరుసలో ఉండాలి. ఒత్తు ముందూ వెనకా అయితే 'కర్నూలు' ఒకసారి 'కనూర్లు' అయి కూర్చుంది. మా అమ్మాయి చిన్న ప్రోగ్రాం రాసి పెట్టింది, తప్పులు నేను దిద్దాను. చెడిపోయిన ఒక్కో సెక్టారుకు 512 బైట్లు పోతాయి, అంటే ఇంచుమించు రెండు వందల అక్షరాలు. ఒకాయన 1952 వేసవి గురించి చెప్తూ "ఆ యేడు నీళ్ళకోసం" అన్న దగ్గర ఆగిపోయి, మళ్ళీ "అందరం ఒకటే బెంచీ మీద" అన్న దగ్గర మొదలవుతాడు. మధ్యలో ఏమైందో తెలియదు. నేను కల్పించలేదు. చుక్కలు పెట్టి వదిలేశాను. బ్రౌన్ దగ్గర పండితులైతే ఇంకో ప్రతి వెతికేవాళ్ళు.

ఇట్లాంటి ఇబ్బంది పెద్ద దేశాలకూ తప్పలేదు. 1086లో ఇంగ్లండు రాజు భూములన్నీ లెక్క రాయించిన డూమ్స్‌డే పుస్తకానికి 900 ఏళ్ళు నిండిన సందర్భంగా, 1986లో బీబీసీ కొత్త డూమ్స్‌డే తయారుచేసింది. ఊరూరా బడిపిల్లలు తమ ఊరి గురించి రాసి పంపారు. అదంతా లేజర్ డిస్కుల్లో ఎక్కించారు. వాటిని చదివేది బీబీసీ మైక్రో కుటుంబపు కంప్యూటర్. అదే బీబీసీ మైక్రో 1984-85లో క్లాస్ పథకం కింద మన దేశంలో బడులకూ వచ్చింది, మన బడికి రాలేదనుకోండి. పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆ డిస్కులు చదివే యంత్రాలు కరువై, పరిశోధకులు పనిగట్టుకుని పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాం రాయాల్సి వచ్చింది. తోలుకాగితం మీది 1086 నాటి పుస్తకం మాత్రం చదువుకోవడానికి భేషుగ్గా ఉంది.

ఇంతకూ సారు రాసిందాంట్లో ఏముంది? అదంతా ఈ సంచికలో వెయ్యడం కుదరదు, విడిగా పుస్తకమే రావాలి. రుచికి ఒకటి చెప్తాను. 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఊళ్ళో గదులు చాలక డేరాలేసిన సంగతి అందరికీ తెలుసు. మన బడిలో రెండు గదులు ఏదో ఆఫీసుకు ఇచ్చారంట. గుమాస్తాల పిల్లలు కోస్తా నుంచి వచ్చి మన క్లాసుల్లో చేరారు. వాళ్ళు 'ఏవండీ' అంటే మనవాళ్ళు నవ్వడం, మనవాళ్ళు 'యాడికి పోతివిరా' అంటే వాళ్ళు నవ్వడం. 1956లో రాజధాని హైదరాబాదుకు పోయినప్పుడు లారీల వెంట ఆ పిల్లలూ పోయారు. ఒక రోజు హాజరు పిలుస్తుంటే క్లాసులో సగం పేర్లకు పలుకు లేదంట. ఆ మాట చెప్పినాయన, సారు నోటుబుక్కు ముందు, నలభై ఏళ్ళ తరువాత, ఆ పేర్లు వరసగా అప్పజెప్పాడు. సారు రాసుకున్నారు. నేను టైపు చేశాను, చెరిపాను, మళ్ళీ తీశాను.

ఒక ఫైలు గురించి మాత్రం కమిటీకి, నాకు మాట తేడా వచ్చింది. అది ఇక్కడే చెప్తాను. అందులో కథ లేదు, పట్టిక ఉంది. సారు తన జీతంలోంచి ఏయే పిల్లలకు పరీక్ష ఫీజు కట్టారు, ఎవరికి చెప్పులు కొనిచ్చారు, ఎవరింట్లో ఏం ఇబ్బంది, పేర్లతో సహా. ఆ పేర్లలో ఈ సంచిక చదివేవాళ్ళు చాలామంది ఉన్నారు. కొందరు ఇప్పుడు పెద్ద హోదాల్లో ఉన్నారు. అచ్చువేస్తే సారు గొప్పతనం లోకానికి తెలుస్తుందని కమిటీ మిత్రుల వాదన, వాళ్ళ ఉద్దేశం మంచిదే. నేను ఒప్పుకోలేదు. సారు ఆ సంగతి బతికుండగా ఒక్కరికీ చెప్పలేదు. ఆ నోటుబుక్కు నాకిచ్చినప్పుడు చివరి పేజీలు పిన్ను కొట్టి ఇచ్చారు. "ఇవి వద్దులే నాయనా" అన్నారు. నేను చూసి వదిలెయ్యాల్సింది. ఉత్సాహం కొద్దీ పిన్ను విప్పి అదీ టైపు చేశాను. నా పేరు కూడా అందులో ఉందని అప్పుడే తెలిసింది. పదో తరగతి పరీక్ష ఫీజు, 1985. మా నాయన కట్టారనుకున్నాను అన్నేళ్ళూ. పైన చెప్పిన పోస్టు చెయ్యని ఉత్తరం ఆ రాత్రి రాసిందే.

ఆ ఫైలును ఈసారి సరిగ్గా తుడిచాను, పేరు మీద గీత కొట్టడం కాదు, దాని గదులన్నిట్లో సున్నాలు రాయించి. నకలు కూడా లేదు. నన్ను కోప్పడేవాళ్ళు కోప్పడొచ్చు. మిగిలిన యాభై ఎనిమిది ఫైళ్ళూ యూనికోడ్‌లోకి మార్చి, మూడు చోట్ల దాచి, కాగితం మీద అచ్చు తీసి ఒక ప్రతి బడికి, ఒక ప్రతి సంఘానికి ఇచ్చాను. బడి ప్రతిని మొదటి అంతస్తులో పెట్టమని రాసిచ్చాను. హార్డ్ డిస్కు నా దగ్గర ఉంది. ఖాళీ ల్యాప్‌టాప్ మళ్ళీ అటెండరన్నకే ఇచ్చాను, ఆయన అడిగాడు.

పోయిన నాలుగు ఫైళ్ళలో మూడింటి సంగతి సారు పంచిన కరపత్రంలోని విషయసూచిక వల్ల తెలిసింది. ఒకదాని గురించి మాత్రం మీ సాయం కావాలి. దాని గదుల్లో పిల్లల బొమ్మలు దిగిపోయాయి, లోపల ఒక్క మాట లేదు. పట్టికలో పేరు మాత్రం మిగిలింది, అదీ మొదటి అక్షరం లేకుండా: 'అంట'. తొమ్మిది కిలోబైట్లు, అంటే రెండు మూడు పేజీల కథ. 1998 మార్చిలో టైపు చేశాను. అది గంటో, పంటో, వంటో, మంటో నాకు గుర్తు లేదు. పాత ఇత్తడి గంట గురించైనా, హాస్టల్ వంట గురించైనా, బడి వెనక కొట్టం కాలిన మంట గురించైనా ఆ రోజుల్లో సారుకు ఎవరైనా చెప్పి ఉంటే, మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పారని మీకు తెలిసినా సరే, సంఘం ఆఫీసులో చెప్పండి. ఈసారి రాసుకోవడానికి నేను వస్తాను.